ముద్ర పడిన కబురు

బహుళ తదియ, ఆటు

ఐదో మంచె మీద కబురుపెట్టె చూసుకునేది నేను, నూకరత్నాన్ని. ఏ రోజు సంగతి ఆ రోజు రాసిపెట్టాలన్నది సముద్రంలో స్తంభాల మీద కట్టుకున్న మా ఎనిమిది మంచెల కట్టుబాటు. లేకపోతే ఇవాళ కలం పట్టుకునే ఓపిక నాకు లేదు.

తుఫానుకి గాలిమర రెక్క ఒకటి వంగితే సుత్తితో సరిచేశాను. ఎండకి ఉప్పునీళ్లు ఆవిరై మంచినీళ్లు దిగే గాజుపలకల మీద ఉప్పు గీకాను. తీగ సముద్రంలోకి దిగే చోట గుల్లలు పట్టాయి, వాటినీ గీకి పారేశాను. తీగకి ఏమీ కాలేదు. కానీ తుఫాను నాటి నుంచి ఒక్కసారి కూడా వంతు రాలేదు.

పొద్దుటి నుంచి మంచె మీద వాళ్లంతా వచ్చి పెట్టె పాడైందా అని అడుగుతున్నారు. పెట్టె పాడవలేదు. ఎనిమిది మంచెల్ని చుట్టి వచ్చేది సముద్రం అడుగున ఒకటే తీగ, మధ్యలో ఒక పెట్టె పోయినా కబురు దాన్ని దాటి ముందుకే పోతుంది. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే రెండు మాటలూ కలిసిపోయి ఎవరికీ అర్థం కావు. అందుకే వంతు ఒకటి పెట్టుకున్నాం. అది ఒక పెట్టె నుంచి పక్క పెట్టెకి పోతూ ఉంటుంది, ఎవరి దగ్గరికొస్తే వాళ్లే కబురు పెట్టాలి. ఇప్పుడు తీగ మీద ఏదో అడ్డం పడి, వంతు ఎవరికీ దొరకడం లేదు.

రెండో మంచె లేదు. నా చెల్లెలు వరాలు, మరిది అబ్బులు అక్కడే ఉండేవాళ్లు. మనుషులు దొరకలేదు. వాళ్ల తెప్ప మాత్రం విరిగిన స్తంభంతో సహా ఆరో మంచె దగ్గర తేలింది. స్తంభానికి కట్టిన తాడు కట్టినట్టే ఉంది. ఆ ముడి వరాలు వేసిందే, దానికి ముడి వేయడం నేర్పింది నేనే. మంచె ఒరిగిపోతుంటే తెప్ప విప్పుకోకుండా అక్కడ ఏం చేస్తున్నట్టు?

ఒకటో మంచె దొరబాబు పరామర్శకి వచ్చాడు. తుఫాను బోటు ఉండేది అతని దగ్గరే. ఎవరికి కష్టం వచ్చినా ఆ బోటు వెళ్లాలి, అందుకే దానికి నూనె ఎనిమిది మంచెలవాళ్లమూ పోస్తాం.

“గాలి రేగకముందే మా పెట్టె ఆగిపోయిందక్కా. కబురే రాలేదు. వస్తే నేను ఊరుకుంటానా చెప్పు?” అన్నాడు. ఏడ్చాడు కూడా. నేనే అతనికి మంచినీళ్లిచ్చి ఓదార్చి పంపాను.

పంచమి, పోటు

అడ్డం ఏమిటో తెలిసింది.

బ్యాటరీ మూత తీసి ఉప్పునీళ్లు తుడుస్తుంటే తెర మీద ఎప్పుడూ చూడని వరస ఒకటి కనిపించింది. ‘కావలి: ఐదు’ అని ఉంది. మా తీగకి ఎప్పుడూ ఒక పెట్టె కావలి కాస్తుంది. వంతు పోతే కొత్తది పుట్టిస్తుంది, దిక్కులేని కబురేదైనా తిరుగుతుంటే తీసేస్తుంది. ఆ పని మొదటి నుంచీ ఒకటో మంచె పెట్టెది. అది ఆగిపోతే, బ్యాటరీ గట్టిగా ఉన్న పెట్టె దానంతటదే కావలి తీసుకుంటుంది. అలా నాకు వచ్చింది. నాకిన్నాళ్లూ ఆ తెర చూసే తీరికే లేదు.

కింద ఇంకో వరస ఉంది.

‘యజమాని లేని కబురు. రెండు నుంచి ఒకటికి. ముద్ర: అందింది. తీసేయనా?’

తుడిచే గుడ్డ పక్కన పెట్టి మళ్లీ చదివాను.

మేం పెట్టే కబురు ఒకరి దగ్గర ఆగిపోదు. చుట్టూ తిరుగుతుంది. దారిలో ఎవరి పేరున ఉందో వాళ్ల పెట్టె దాన్ని చదువుకుని, అందింది అని ముద్ర వేసి మళ్లీ ముందుకు తోస్తుంది. చివరికి పెట్టినవాళ్ల దగ్గరికే వస్తుంది. వాళ్లు ముద్ర చూసుకుని, కబురుని తీగ మీద నుంచి దింపి, వంతు పక్కవాళ్లకి వదులుతారు. పెట్టినవాళ్లే లేకపోతే దింపేవాళ్లుండరు. అది అలా తిరుగుతూనే ఉంటుంది.

అంటే ఇన్నాళ్లుగా తీగకి అడ్డం పడింది నా చెల్లెలి మాట. నా పెట్టెలోంచే వచ్చి, నా పెట్టెలోంచే పోతోంది.

గాలి రేగకముందే దొరబాబు పెట్టె ఆగిపోయి ఉంటే, ఈ ముద్ర ఎవరు వేశారు?

తీసేయనా అని పెట్టె అడుగుతోంది. వద్దని నొక్కాను.

షష్ఠి, ఆటు

తప్పు పని చేశాను. ఇంకోసారి అవసరమైతే ఇంకోసారి చేస్తాను.

ఎవరి పేరున వచ్చిన కబురు వాళ్ల పెట్టెకే తెరుచుకుంటుంది. మిగిలిన పెట్టెలకి పై చిరునామా తప్ప లోపలి మాట కనపడదు. పెట్టె వెనక నంబరు చక్రం ఉంటుంది. దాన్ని తిప్పి ఇంకొకళ్ల నంబరు పెట్టుకోవడం మా దగ్గర పరాయి ఇంట్లో దూరడంతో సమానం. ఒకటో పెట్టె ఇంకా ఆరిపోయే ఉంది. చక్రం ఐదు నుంచి ఒకటికి తిప్పాను.

చుట్టు పూర్తవడానికి ఎసట్లో బియ్యం పోసి కలిపేంత సేపు పడుతుంది. మా తీగ అంత నెమ్మది. గంట మోగింది.

‘దొరబాబు అన్నయ్యా, మొదటి కబురుకి మీ ముద్ర చూశాం. బోటు వస్తోంది కదా అని తెప్ప విప్పలేదు. మంచె బాగా ఒరిగిపోయింది. ఎక్కడిదాకా వచ్చారు? వరాలు.’

చదివాను. చుట్టు తిరిగి మళ్లీ వచ్చింది. మళ్లీ గంట మోగింది, మళ్లీ చదివాను. ఎన్నిసార్లు చదివినా అది అడిగేది ఒక్కటే, ఎక్కడిదాకా వచ్చారు అని.

తుఫానులో ఒకటో మంచె ముద్ర పడిందంటే బోటు బయల్దేరినట్టే. ముద్ర వేసేది యంత్రమని, మనిషి గుర్రు పెట్టి నిద్రపోతున్నా అది వేసేస్తుందని మాకందరికీ తెలుసు. తెలిసీ నమ్ముతాం. ముద్ర పడ్డాక బోటు రాకపోవడం మా బతుకుల్లో ఎప్పుడూ లేదు. అందుకే నా చెల్లెలు తాడు విప్పలేదు.

ఇప్పుడు నాకు అంతా అర్థమైంది. మొదటి కబురు అతనికి అందింది. వెళ్లలేదు. రెండోదీ అందింది. అప్పుడు పెట్టె కరెంటు పీకేశాడు, మూడోది వినాల్సి వస్తుందని. ఆ పీకడంతోనే కావలి నా చేతికొచ్చిందని అతనికి తట్టలేదు. తీగ మీద ఒకటి తర్వాత వచ్చేది రెండే. ముద్ర వేయించుకుని కబురు గుమ్మం దాకా వచ్చేసరికి ఆ ఇల్లు లేదు.

నేను అతనికి మంచినీళ్లిచ్చాను. వీపు నిమిరాను.

నవమి, పోటు

మూడో మంచె అచ్చియ్యమ్మని తీసుకుని ఒకటో మంచెకి వెళ్లాను. ఎనిమిది మంచెల్లోకీ పెద్దది ఆవిడే, ఆవిడ మాట ఎవరూ తీసేయరు. కబురు సంగతి దారిలో చెప్పాను. ఆవిడ తెడ్డు ఒకసారి ఆపి, మళ్లీ గట్టిగా వేయడం మొదలెట్టింది.

దొరబాబు రొయ్యలు ఎండేస్తున్నాడు. భార్య బుల్లెమ్మ వలలు ఆరేస్తోంది. పిల్లలిద్దరూ గుల్లలతో ఆడుకుంటున్నారు. ఆ ఇల్లు అంత నిమ్మళంగా ఉండటం చూసి నాకు ఒళ్లు మండింది.

“నీ పెట్టె ఎప్పుడాగిపోయింది?” అని అడిగాను.

“చెప్పేను కదక్కా, గాలికి ముందే.”

“ఆగిపోయిన పెట్టె ముద్దరేస్తదా?”

అతని చేతిలో చేట అలాగే ఉండిపోయింది. వరాలు మాటలు ఒక్కటీ పొల్లుపోకుండా అప్పజెప్పాను. బుల్లెమ్మ వల వదిలేసి మొగుడి వంక చూసింది.

“వెళ్తే తిరిగొచ్చేవోణ్ణి కాదక్కా. ఆ గాలి నువ్వూ చూసేవు కదా. నాకు పిల్లలున్నారు. ముద్దర నేనేసింది కాదు, పెట్టే ఏసింది,” అన్నాడు.

“నువ్వెందుకు రాలేదని నేనడగట్లేదు. ఆ గాల్లో ఎవడైనా భయపడతాడు. రాలేను అని ఒక్క ముక్క పంపితే నీ సొమ్మేం పోయింది? ఆళ్లు తెప్పెక్కి పోయుందురు. ఆళ్లని నువ్వు గాలికి ఒగ్గెయ్యలేదు, కుర్చీలో కూచోబెట్టి చంపేవు.”

“సిగ్గేసిందక్కా. రాలేనని ఎలా చెప్పను?”

ఆ మాట విన్నాక అతన్ని కొడతాననుకున్నాను. కొట్టలేదు. అంతకంటే మంచిది ఒకటి తోచింది.

“పెద్దమ్మా, కావలి ఎక్కడుంటే బోటు అక్కడుండాలి కదా?” అని అచ్చియ్యమ్మని అడిగాను.

“మరేనమ్మా. పెద్దలనాటి మాట అది.”

“కావలి ఇప్పుడు నాది. ఈయనగారే పీకి నా చేతికిచ్చేరు.”

అచ్చియ్యమ్మ దొరబాబు వైపు తిరిగింది. “బోటు తాళం ఇచ్చెయ్యి బాబూ. ఇచ్చి, నీ పెట్టె ఎలిగించుకో. రేప్పొద్దున నీకేదన్నా అయితే ఎవరికి చెప్పుకుంటావు?”

అతను తాళం నా చేతికివ్వకుండా అక్కడున్న బల్ల మీద పెట్టాడు. పెట్టె వెలిగించాడు. మేం బోటు ఎక్కేలోపే గంట మోగింది. వరాలు మాట దాని చోటికి అది చేరుకుంది. ఇక ప్రతి చుట్టుకీ అతని పెట్టె మోగుతుంది. ప్రతిసారీ అతని యంత్రమే దాని మీద అందింది అని ముద్ర వేస్తుంది. వచ్చేటప్పుడు బోటు నేనే నడిపాను, చాలా రోజుల తర్వాత నాకు ఆకలి వేసింది.

ద్వాదశి, ఆటు

నంబరు చక్రం ఆ రోజే వెనక్కి ఐదుకి తిప్పేశాను. ఇవాళ పెట్టె విప్పి, దానంతటది ముద్ర వేసే చిన్న తీగని తెంపేశాను. ఇకమీదట నా పేరున కబురొస్తే పెట్టె నన్ను అడుగుతుంది, నేను నొక్కితేనే ముద్ర పడుతుంది. నా చేత్తో వేసిన ముద్రకి నేనే పూచీ.

మధ్యాహ్నం బుల్లెమ్మ వచ్చింది. ఒక్కత్తే తెడ్డేసుకుంటూ వచ్చింది. గడప దాటి లోపలికి రాలేదు.

“గంటకి గుడ్డ చుట్టేరండి మా ఆయన. నేనే ఇప్పేసేను,” అంది.

“ఎందుకు?”

“ఆవిడ రోజూ నాకు నిప్పు అరువిచ్చేదండి. నేనన్నా ఇనాలి కదండి.” గుమ్మం పట్టుకుని, “ఆయన అన్నం సరిగ్గా తింటం లేదు. మోగిన ప్రతిసారీ నేల కేసి చూస్తన్నారు. మీరింకా ఎన్నాళ్లు తిప్పుతారో అడిగి రమ్మన్నారు,” అంది.

“వరాలొచ్చి దింపేదాకా అని చెప్పు,” అన్నాను. ఆవిడ తెడ్డు అందుకుని వెళ్లిపోయింది.

సాయంత్రం అచ్చియ్యమ్మ వచ్చి మందలించింది. ఏడో మంచెలో ఎవరికో జ్వరమట, మందు అడగడానికి పడవేసుకుని నాలుగు మంచెలు తిరిగారట. నీ చెల్లెలి మాట కోసం మా అందరి నోళ్లూ కుట్టేస్తావా అంది. ఆవిడ అడిగింది న్యాయమే. తీసేయనా అని పెట్టె అడుగుతూనే ఉంది, వద్దని నొక్కుతూనే ఉన్నాను. ఆ మాట దిగిపోతే వరాలు మాట్లాడటం ఆగిపోతుంది. దొరబాబుకి మళ్లీ నిద్ర పడుతుంది. ఈ రెంటిలో దేనికి ఎక్కువ బాధపడుతున్నానో నాకే తెలియడం లేదు.

అమావాస్య, పోటు

పొద్దున్నే తూర్పున ఆకాశం పసుపుపచ్చగా తిరిగింది. మధ్యాహ్నానికి గాలిమర ఆపి కట్టేయాల్సి వచ్చింది.

ఇక తప్పదు. ఈ గాలిలో ఎవరికేమైనా చెప్పుకోవడానికి తీగ ఖాళీగా ఉండాలి. ఇంకా బిగబట్టుకు కూర్చుంటే దొరబాబుకీ నాకూ తేడా ఏముంది? చెల్లెలి మాట నా పెట్టెలోంచి వెళ్లేదాకా ఆగాను, మళ్లీ వచ్చేదాకా ఆగాను. ‘తీసేయనా?’ అంది పెట్టె. అవునని నొక్కాను. ఏడుపు వచ్చింది, ఏడ్చాను.

తీగ మీదకి వంతు వచ్చింది. ఇన్నాళ్లకి అందరూ మాట్లాడుకున్నారు. ఏడో మంచె మందు అడిగింది, నాలుగో మంచె తాళ్లు అడిగింది. గాలి అంతకంతకీ పెరిగింది. అప్పుడు నా గంట మోగింది.

‘నూకరత్నం అక్కకి. తూర్పు కాలు విరిగింది. బుల్లెమ్మ, పిల్లలిద్దరు, నేను ఉన్నాం. తెప్ప ఉంది. వస్తానంటే ఆగుతాం, లేదంటే తెప్ప ఎక్కేస్తాం. దొరబాబు.’

‘ముద్ర వేయనా?’ అంది పెట్టె.

వేయకపోతే ఎవరూ రావడం లేదని అతనికి తెలుస్తుంది, తెప్ప ఎక్కుతాడు. అదృష్టం బాగుంటే ఎక్కడో ఒడ్డెక్కుతారు. నా చెల్లెలికి అతను చేయని మర్యాద అది. వేసి వెళ్లవచ్చు. వేసి, వెళ్లకుండా కూడా ఉండవచ్చు. ఆ మూడోది నాకు ఎంత తియ్యగా తోచిందో దాచకుండా రాస్తున్నాను. ఇన్ని రోజులుగా నేను కోరుకున్నది అచ్చంగా అదే, దానంతటదే నడిచి నా గుమ్మంలోకి వచ్చింది.

ముద్ర వేశాను.

కబురు నా దగ్గర నుంచి బయల్దేరి చుట్టు పూర్తి చేసుకుంది. మళ్లీ నా పెట్టెలోకి రాలేదు. దింపేశాడన్న మాట. ముద్ర చూశాడు, నేను వస్తున్నానని నమ్మాడు. ఎవరి చెల్లెలినైతే అలా చంపాడో ఆ మనిషి ముద్రని నమ్మాడు.

నేను లేవలేదు. కుండలో పొద్దుటి అన్నం ఉంది. చింతకాయ పచ్చడి వేసుకుని కలిపాను. నెమ్మదిగా తిన్నాను. అతను ఆ కుర్చీలో కూర్చుని ఉండాలి, ప్రతి కెరటం చప్పుడుకీ బోటేమో అని తల ఎత్తి చూడాలి. బుల్లెమ్మ గుర్తొచ్చింది. గుల్లలతో ఆడుకునే పిల్లలు గుర్తొచ్చారు. అయినా ఇంకో ముద్ద తిన్నాను.

గంట మోగింది.

‘అక్కా, ముద్ర చూశాం. తెప్ప విప్పలేదు. మంచె ఒరిగిపోతోంది. ఎక్కడిదాకా వచ్చావు?’

రోజుల తరబడి విన్న మాట కాబట్టి అదే రాశాడో, ఆ కష్టంలో ఎవరి నోటికైనా వచ్చే మాట అదేనో తెలియదు. నాకు మాత్రం అది దొరబాబు మాటలా వినిపించలేదు. కంచం ఎక్కడ పడిందో చూడలేదు. చెయ్యి కడుక్కోకుండానే బోటెక్కాను.

శుద్ధ విదియ, ఆటు

గాలి తగ్గింది. బోటు కుడి పక్క చీలింది, తారు పూశాను. నాకు భుజం బెణికింది. ఒకటో మంచె ఇప్పుడు లేదు.

ఆ ఇంటి మనుషులు నలుగురూ నా మంచె మీదే ఉన్నారు. దొరబాబు పడక కబురుపెట్టె పక్కనే వేయించాను. ఎవరి గంట మోగినా ఉలిక్కిపడి లేస్తున్నాడు. లేచి, మళ్లీ పడుకోవడం లేదు. నాకు జాలి వేయడం లేదు. చచ్చిపోయి ఉంటే ఇదంతా అతనికి తెలియకుండా పోయేది.

ఆ రోజు జరిగింది రాసి ముగిస్తాను. నేను వెళ్లేసరికి మంచె సగానికి పైగా నీళ్లలో ఉంది. బుల్లెమ్మ పిల్లల్ని నడుముకి కట్టుకుని పైకప్పు అంచున ఉంది. ముందు పిల్లల్ని అందించారు, తర్వాత బుల్లెమ్మ దిగింది. దొరబాబు చివర దూకాడు. బోటులోకి వచ్చే నీళ్లు తోడి పోయడమే అందరికీ సరిపోయింది.

గాలికి కొంచెం చాటుకొచ్చాక అడిగాను. “ముద్దర చూసేక ఎంతసేపు కూచున్నారు?”

“నువ్వు కనపడేదాకా అక్కా.”

“నేను అన్నం తింటన్నాను అప్పుడు.”

బుల్లెమ్మ నా చేతి వేళ్ల కేసి చూసింది. ఇంకా పచ్చడి అంటుకుని ఉంది. చిన్నపిల్లని దగ్గరికి లాక్కుంది.

“మరి తెప్ప ఎందుకెక్కలేదు? నేనెవర్నో తెలుసు కదా నీకు,” అన్నాను.

దొరబాబు నీళ్లు తోడటం ఆపాడు. వాన అతని మొహం మీద పడుతోంది. “ముద్దర పడింది కదక్కా. వస్తావనుకున్నాం,” అన్నాడు.

“వరాలూ అలాగే అనుకుంది.”

అతను రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. నేను ఓదార్చలేదు, బోటు తిప్పాను. తిప్పుతూ ఒక్కసారి వెనక్కి చూశాను. మంచె మునిగిపోతోంది. వాళ్ల తెప్ప ఇంకా స్తంభానికి కట్టే ఉంది.